సొరకాయకు సూది

"మొట్టమొదలు రోగి సంగతి రాయి," అంది గోపమ్మ.

మంజులత కలం పట్టుకుని తలెత్తింది. "ఏమని రాయాలక్కా?"

"మా బడిల రోగి లేడు, ఉన్నది సొరకాయ అని రాయి."

చాపల మీద కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. నవ్వక ఏం చేస్తారు? రామచంద్రయ్య నల్గొండలో తన బియ్యం మిల్లు వెనకాల గోదాము ఖాళీ చేయించి పెట్టిన నర్సుల బడి అది. పన్నెండు మంది ఆడపిల్లలు, రెండేళ్ల చదువు. రోగి మాత్రం ఒక్కటే. మంచం మీద తెల్ల దుప్పటి కప్పుకుని పడుకునే సొరకాయ. సోమవారం నుంచి శనివారం దాకా దానికి ఉత్త నీళ్లతో సూదులు. తగ్గినా తగ్గకున్నా ఆదివారం నాడు పులుసులోకి పోవలసిందే.

"థర్మామీటరు ముచ్చట గూడ రాయి. ఎవల నోట్లె పెట్టినా నూటరెండే సూపిస్తది. మొన్న గోడకు ఆనిస్తే గోడకు గూడ నూటరెండు."

"గోడకు మందు ఏమియ్యాలక్కా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

నవ్వులాట కాదు నిజానికి. సర్కారు పరీక్షకు కూర్చోవాలంటే మూడు నెలలు పెద్ద దవాఖానలో పని నేర్చినట్టు కాగితం కావాలి. అడిగినప్పుడల్లా రామచంద్రయ్య "ఇప్పిస్త, ఫికర్ జెయ్యకుండ్రి" అంటూ రెండేళ్లు నెట్టుకొచ్చాడు. పరీక్ష ఇంక నాలుగు నెలలు. అక్కడ నందికొండలో డ్యాం కడుతున్నారు, నర్సులు కావాలంటున్నారు. ఇక్కడ ఈ పిల్లల రెండేళ్లూ గంగలో కలిసేలా ఉన్నాయి. ఇవాళ హైదరాబాదు నుంచి నర్సుల మీద అధికారి, పెద్ద సిస్టరమ్మ తనిఖీకి వస్తోంది. ఇవాళ తప్పితే మళ్లీ లేదు. అందుకే ఈ అర్జీ.

"ఇగ అసలుది రాయి," గోపమ్మ గొంతు సవరించుకుంది. "మాకు చెప్పే పంతులమ్మ పానమున్న మనిషికి ఒక్కపారి గూడ సూది ఇయ్యలే. పుస్తకంల ఉన్నది సదువుతది. అర్థం కాలేదంటే మళ్ల గదే సదువుతది."

నవ్వులు ఆగిపోయాయి. మంజులత కలం కింద పెట్టేసింది.

"గది మాత్రం వద్దక్కా. గంతగనం రాస్తే పాపం గాదా?"

"పాపమేంది? మంచితనం సూదిల ఎక్కిస్తే జరం తగ్గుతదా? రాయి. ఆమెను తీసేసి, పని తెలిసినామెను పెట్టాలె అని గూడ రాయి."

మంజులత కళ్లు తుడుచుకుని రాసింది.

గోపమ్మ ఈ బడికి పాతకాపు, ఇక్కడే చదివి ఇక్కడే ఉండిపోయింది. కేతేపల్లిలో గొర్లు కాసే ఇంట పుట్టింది. ఈనే గొర్రెకు చెయ్యి సాయం చెయ్యడం పదేళ్లకే వచ్చు. నల్గొండ వచ్చి నాలుగేళ్లు కష్టపడి నేర్చింది సొరకాయను పొడవడం. ఏం చదువమ్మా నీది అని తనను తానే తిట్టుకునేది.

పోయిన నెల ఇంటికి వెళ్తే పక్కింటి మైసయ్య మామకు జ్వరం. "మన గోపమ్మ ఉండంగ కంపౌండరెందుకు?" అని జబ్బ చాపాడు. ఊరంతా చుట్టూ మూగింది. గోపమ్మ సూది పట్టుకుని, అలవాటు కొద్దీ ఆయన జబ్బను బొటనవేలి గోరుతో గుచ్చి, లేతగా ఉందో ముదిరిందో చూసింది.

"నేను ముదిరిన బిడ్డా, గోరు దిగదు," అన్నాడు మైసయ్య.

ఊరు విరగబడి నవ్వింది. గోపమ్మ కూడా నవ్వింది. నవ్వుతుంటే సూది చేతిలోంచి జారి కింద పడింది. కంపౌండరును పిలిపించారు. ఆ పూట గోపమ్మ బువ్వ ముట్టలేదు. సిగ్గుతో కాదు, భయంతో. రేపు ఈ పన్నెండు మందీ పన్నెండు ఊళ్లకు పోయి పన్నెండు జబ్బలు గోరుతో గిచ్చి చూస్తారు. అందరి చేతుల్లోంచీ సూది కింద పడుతుందన్న నమ్మకమేమిటి?

ఈ కాగితం ఇస్తే రామచంద్రయ్య ఒక్క రోజు కూడా ఉండనివ్వడని తెలుసు. మళ్లీ బాపు వెంట గొర్ల మందే. పోనీ, గొర్రెలు తనను చూసి నవ్వవు కదా అనుకుంది. అందరి కిందా సంతకం పెట్టింది.

పెద్ద సిస్టరమ్మ గడప దాటిందో లేదో గోపమ్మ అర్జీ ఆవిడ చేతిలో పెట్టి, వచ్చి పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. సిస్టరమ్మ నిలబడే చదివింది. మంచం దగ్గరికి వెళ్లి దుప్పటి ఎత్తి చూసింది. తనిఖీ కదా అని రామచంద్రయ్య కొత్త సొరకాయ తెప్పించి, తలకింద దిండు కూడా పెట్టించాడు. ఆవిడ మళ్లీ దుప్పటి కప్పేసింది.

రామచంద్రయ్య అర్జీ లాక్కున్నంత పని చేసి చూసుకున్నాడు. "గోపమ్మా, నీకు నేనేం తక్కువ జేసిన?" అన్నాడు.

"పిల్లలూ, మీరడిగింది న్యాయమే," అంది పెద్ద సిస్టరమ్మ. "సోమవారం నుంచి మీరందరూ పెద్ద దవాఖానకే వెళ్తారు. నేను రాసిస్తాను. కానీ మనిషి లేనిచోట ఇన్ని మాటలు అనడం మర్యాద కాదు. ఎక్కడ ఆ పంతులమ్మ? పిలవండి, ఆవిడ చెప్పేదీ వింటాను."

పన్నెండు తలలూ వంగిపోయాయి. మంజులత వెక్కిళ్లు పెడుతోంది.

గోపమ్మ ఆ పిల్ల వీపు మీద మెల్లగా తట్టి, చాప మీది నుంచి లేచి, ముందుకు నడిచి, నల్లబల్ల పక్కన పొద్దుటి నుంచీ ఖాళీగా ఉన్న కుర్చీ దగ్గర నిలబడి, "గా పంతులమ్మను నేనేనమ్మా," అంది.