‘తుప్పు’ వాళ్ల పాట

“బ్యాండువాళ్లు వచ్చారా?” అని అడిగాడు హాలు మేనేజరు, కిటికీ వైపు తల తిప్పకుండా జాగ్రత్తపడుతూ.

“వచ్చారు సార్, నలుగురు,” అంది టికెట్ల కౌంటరావిడ. “లోపలికి పంపించాను. అబ్బ, ఆ వాలకం చూడాలి సార్...”

“చూడను. నువ్వూ చెప్పకమ్మా.”

చెప్పకుండా ఉండటం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. “ప్యాంట్లు మోకాళ్ల దగ్గర చిరిగి ఉన్నాయి. తలల నిండా దుమ్ము. పొడుగాటి పెట్టెలేవో మోసుకొచ్చారు. ఒకాయనకైతే చెవి మీద పెన్సిలు!”

“పాటలు అప్పటికప్పుడు రాసుకుంటారేమో. వేదిక మీద చెక్క లేచి ఉంది, కాలు జాగ్రత్త అని చెప్పావా?”

“చెప్పాను. ‘దాని సంగతి మేం చూసుకుంటాంలెండి’ అన్నారు. మైకు ఆన్ చేసి మొదలుపెట్టమన్నాను.”

“ధీమా ఉందే!” అన్నాడు మేనేజరు. ఆవిణ్ణి పంపించి తలుపు వేసుకున్నాడు.

ఈ తలుపు వేసుకోవడానికో కారణం ఉంది. నిరుడు ఒక బృందాన్ని వాళ్ల జుట్టు చూసి గుమ్మంలోంచే తిప్పి పంపాడు. ఇప్పుడు వాళ్లు వాయించే చోట టికెట్టు దొరకదు. “చెవులతో వినవయ్యా, కళ్లతో కాదు” అని యజమాని నలుగురిలో కడిగేశాడు. దానికి మేనేజరు పెద్దగా బాధపడలేదు. యజమాని కడగడం రోజూ ఉండేదే. అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. మొన్న భార్య ఏదో చెప్పబోతుంటే, మొదటి మాట నోట్లో ఉండగానే “తెలుసులే” అన్నాడు. ఆవిడ సంచి సర్దుకుంది.

“పెళ్లయిన దగ్గర్నుంచీ నా మాట ఒక్కటైనా చివరిదాకా విన్నారా మీరు?” అని గడప దగ్గర నిలబడి అడిగింది. దానికీ “తెలుసులే” అనబోయి నాలిక కరుచుకున్నాడు. ఆవిడ అక్క ఇంటికి వెళ్లిపోయింది. ఇక రాదేమోనన్న భయం అప్పటినుంచి అతని గుండెలో తిష్ఠ వేసింది. ఫోను చేతిలోకి తీసుకోవడం, ఏమనాలో తోచక పెట్టెయ్యడం, ఇదే పనైపోయింది.

అందుకే, శనివారం కార్యక్రమానికి బ్యాండును ఎంచుకునే ముందు ఈసారి ఒట్టు పెట్టుకున్నాడు. ఎన్నడూ వినని బ్యాండు అయినా సరే, మొహాలు చూడకుండా, వేదిక మీది మైకు నుంచి తన గదిలోని పాత స్పీకరుకు వచ్చే పాటను మాత్రమే, మొదటినుంచి చివరిదాకా వింటాడు. వచ్చినవాళ్ల బ్యాండు పేరు ‘తుప్పు’. పేరే తుప్పయితే ఇక పాటేం పాడతారు అనిపించింది. అదిగో, మళ్లీ! తనను తానే తిట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

స్పీకరు గరగరలాడింది. ఠక్. ఠక్. ఠక్‌ఠక్. ఆ వెంటనే గర్‌ర్‌ర్‌మని పళ్లు పులిసిపోయే మోత. ఎవరో గిటారును రంపాన పెడుతున్నారు. మేనేజరు చెయ్యి అలవాటు కొద్దీ స్విచ్చు మీదికి పోయింది. రెండో చేత్తో దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

కాసేపటికి మోతలో ఒక వరస దొరికింది. రెండు చిన్న దెబ్బలు, కొంచెం ఖాళీ, ఒక పెద్ద దెబ్బ. బల్ల మీద అతని వేలు దానంతటదే ఆడసాగింది. పర్లేదే! వీళ్లలో హడావిడి లేదు, ఆగాల్సిన చోట ఆగుతున్నారు. అంతలో ఒక బొంగురు గొంతు లేచింది.

“వదలకు... ఇప్పుడప్పుడే వదలకు!”

మేనేజరు ఉలిక్కిపడ్డాడు. మళ్లీ మోత, మళ్లీ అదే కేక. పల్లవన్నమాట. తన కోసమే ఎవరో రాసినట్టుంది.

కౌంటరావిడ తలుపు సందులోంచి తొంగి చూసింది. “సార్, బయట ఇంకో నలుగురున్నారు. ఇస్త్రీ చొక్కాలు, నున్నగా దువ్విన తలలు. బీమావాళ్లలా ఉన్నారు. ఏదో చెప్పబోతే నేనే ఆపి కూర్చోబెట్టాను.”

“మంచి పని చేశావు. పాట మధ్యలో నేను లేవను.”

ఆవిడ వెళ్లగానే ఫోను తీశాడు. ఈసారి పెట్టెయ్యలేదు.

“ఊఁ,” అంది భార్య పొడిగా.

“మొన్న ఏదో చెప్పబోయావు. చెప్పు.”

“మీకు తెలుసుగా.”

“తెలీదు. వింటాను.”

ఆవిడ చెప్పింది. చాలాసేపు చెప్పింది. మధ్యలో ఏడ్చింది కూడా. ‘తెలుసులే’ గొంతుదాకా వచ్చిన ప్రతిసారీ స్పీకరులోంచి “వదలకు!” అని కేక వినిపించేది. అతను ఆ మాట మింగేసి, “ఊఁ” కొట్టేవాడు.

“ఏమిటండీ ఆ చప్పుడు?” అంది చివరికి ముక్కు తుడుచుకుంటూ. “మనింట్లో అటక కొట్టించినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది.”

మేనేజరు నవ్వాడు. “రాక్ సంగీతం. మొదట నాకూ అలాగే అనిపించింది. ఆగి వినాలి.”

“మీరు ఆగి వింటున్నారా!” అంది ఆవిడ. “సాయంత్రం వస్తాను. తాళం పక్కింట్లోనే ఇచ్చి వెళ్లారుగా?”

ఫోను పెట్టేసేసరికి అతని కళ్లు తడిశాయి. స్పీకరు కూడా అప్పుడే సద్దుమణిగింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. తల నిండా దుమ్ము, చెవి మీద పెన్సిలుతో ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు. మేనేజరు ఎదురెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“మీరేం మాట్లాడకండి, ముందు నేను చెప్పేది వినండి. శనివారం కార్యక్రమం మీదే. పేరు విని మిమ్మల్ని తీసిపారెయ్యబోయాను, తప్పు నాది. మీ పాట నా కాపురం నిలబెట్టిందండీ!”

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. తన వెనక ఎవరూ లేరు. మెల్లగా చేతులు విడిపించుకుని, పెన్సిలు సర్దుకున్నాడు.

“యజమానిగారు చెప్పినట్టే చెక్కలన్నీ బిగించేశాం సార్, ఇక బయట కూర్చున్న బ్యాండువాళ్లని ఎక్కమనండి.”