నీలం దీపం

నూలు మిల్లులో చూలాళ్ల నడుములకి పట్టీలు కట్టడం మొదలై ఏడాదయింది. కడుపులో బిడ్డ నిద్రపోతుంటే పట్టీ మీద నీలం దీపం, మేలుకుంటే ఆకుపచ్చ దీపం. ఆకుపచ్చ వెలిగితేనే తల్లి కూర్చోవాలన్నది రూలు. ఎనిమిదో నెల సువార్తకి వారం రోజులుగా మిల్లులో నీలం తప్ప మరో రంగు కనపడలేదు. తెగిన దారాలు అతుకుతూ మరల మధ్య తిరిగీ తిరిగీ పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. ఇంటికెళ్లి నడుం వాల్చడం ఆలస్యం, లోపల ఒకటే తన్నులు.

ఆ మధ్యాహ్నం ఆమెకి సంగతి బోధపడింది. తిన్నగా వెళ్లి సూపర్‌వైజర్ బాజీ కుర్చీలో కూర్చుంది.

"ఏందమ్మా ఇది? బిడ్డ ఇంకా నిద్దట్లోనే ఉందిగా! రేపట్నించి నిన్ను గేటు కాడే ఆపేస్తారు" అన్నాడు బాజీ.

"ఉయ్యాల ఆపకుండా ఏ బిడ్డ లేస్తది అన్నా? నేను నడిచినంతసేపూ దీనికి ఉయ్యాలే. ముందు నేను కూర్చుంటా, తర్వాత అది లేస్తది. కావాలంటే గడియారం చూస్తూ నిలబడు."

బాజీ నిలబడ్డాడు. పది నిమిషాలకి ఆకుపచ్చ దీపం వెలిగింది. అతను తలెత్తేసరికి, నూలు మరల వరసలో మిగతా చూలాళ్లంతా నీలం దీపాలతోనే నేలమీద చతికిలబడి ఉన్నారు.