మూడు చెంచాలు

“ముందు ఈ గ్లాసు ఖాళీ చెయ్యండి మాస్టారూ. ఇంజెక్షన్ సంగతి తర్వాత చూద్దాం,” అంది నర్సు.

మంచం మీది పెద్దమనిషి గ్లాసు వంక చూశాడు. నీళ్ళలో పసుప్పచ్చటి పొడి గిర్రున తిరుగుతోంది. ఆయన అమ్మే పొడే, ఆయన బొమ్మ ఉన్న పచ్చ డబ్బాలోంచి తీసిందే. ఊరంతా ఆయన్ని పొడి మాస్టారంటారు. రోజూ మూడు చెంచాలు పుచ్చుకుంటే రోగనిరోధక శక్తి పెరిగిపోతుందనీ, ఇక మందుబిళ్ళతో పనే ఉండదనీ సభలు పెట్టి మరీ అరచేతిలో వైకుంఠం చూపించిన మనిషి. ఆ నోరు ఇప్పుడు ఎంతకీ తెరుచుకోవడం లేదు.

“ఊపిరాడటం లేదు సిస్టర్,” అన్నాడు దగ్గు మధ్యలో. “ఆ సూదేదో పొడిచెయ్యమ్మా.”

“అయ్యో, సూదా? మందులు ఒంట్లోని సైన్యాన్ని నిద్రపుచ్చుతాయని మీరే కదండీ చెప్పారు!”

ఆ మాటను అప్పట్లో ఆయన సభలో ముందు వరసలో కూర్చుని విన్నది నర్సు చెల్లెలు. ఇంటికొచ్చి తన మాత్రలన్నీ చెత్తబుట్టలో పోసింది. అక్క ఎంత మొత్తుకున్నా వినలేదు. పిల్ల పోయిన రోజున కూడా తలగడ పక్కన ఈ డబ్బానే ఉంది. ఇన్నాళ్ళకు పాపం పండి, వాడే వచ్చి తన వార్డులో పడ్డాడు. ఊరికే వదలాలంటే నర్సుకు మనసు రాలేదు.

“తాగండీ, సిస్టరమ్మ మంచికేగా చెబుతోంది,” అంది పక్కనే స్టూలు మీద కూర్చున్న మాస్టారి భార్య. నర్సుకేసి తిరిగి నవ్వింది. “మా ఇంట్లో మందన్నది గడప తొక్కదమ్మా. మా అమ్మ కూడా చివరిదాకా ఈ పొడే తాగింది. ఈయనే దగ్గరుండి కలిపి ఇచ్చేవారు.”

ఇంత వెర్రిబాగుల మనిషి కూడా ఉంటుందా అని నర్సుకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. ఆవిడ ఫ్లాస్కు తీసుకుని వేణ్ణీళ్ళకోసం బయటికి వెళ్ళగానే మాస్టారు నర్సును దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

“దానికి తెలీదు. డాక్టరు రాసిన కేప్సూల్స్ విటమిన్ సీసాలో పోసి దాచుకున్నాను. ఒక్క పూట మానకుండా మింగాను. అయినా లాభం లేదు. ఇంతకన్నా గట్టి మందు పడాలమ్మా.”

“అబద్ధమాడినా అతికినట్టుండాలి మాస్టారూ. అవి మింగినవాళ్ళకి ఛాతీ ఇలా పట్టేస్తుందా?”

“ఒట్టు! నా మీద ఒట్టు!”

నర్సు పళ్ళు పటపట కొరికింది. ఊళ్ళోవాళ్ళ మాత్రలు చెత్తబుట్టలోకి, దొరగారి మాత్రలు విటమిన్ సీసాలోకి!

“మరి ఈ పొడెందుకు తాగరు? ఏముంది ఇందులో?”

“నీకు తెలీదూ?” అన్నాడు గొంతు తగ్గించి.

“నాకు తెలుసు. వాళ్ళకి చెప్పండి.”

రోగుల్ని చూడటానికి చుట్టాలొచ్చే వేళ కావడంతో వార్డు నిండా జనం. సగం మంచాల పక్కన అవే పచ్చ డబ్బాలు. కొందరు మాస్టారిని గుర్తుపట్టి దణ్ణాలు కూడా పెడుతున్నారు. ఆయన తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. అంతలో దగ్గు తెర వచ్చింది. మనిషి మెలికలు తిరిగిపోయాడు. నర్సు గ్లాసును పెదాలకు ఆనించింది.

“మూడు చెంచాలు మాస్టారూ. గుటుక్కుమనిపించండి.”

ఆయన గ్లాసును విసిరికొట్టాడు.

“పిండి! ఉత్త పిండే! వేయించిన గోధుమపిండి, పంచదార, రంగు! దాంతో తుమ్ము కూడా ఆగదు! సూది పొడవండి తల్లీ, చచ్చిపోతాను!”

వార్డంతా ఆయన వైపు తిరిగింది. ఎదుటి మంచం మీది ముసలాయన మెల్లగా వంగి, తన డబ్బా తీసి చెత్తబుట్టలోకి విసిరాడు. ఠంగుమంది. ఆ వెనకే ఇంకోటి, ఆ వెనకే మరోటి. “నీ నోట్లో మన్ను పడ! నా కొడుక్కి పట్టించాను కదరా!” అని ఎవరో తల్లి శోకాలు పెట్టింది. నర్సు కడుపు చల్లబడింది. మాస్టారి సెలైన్ గొట్టం సరిచేసి బయటికి నడిచింది.

వరండాలో మాస్టారి భార్య ఫ్లాస్కు పట్టుకుని గోడకానుకుని ఉంది. అంతా విన్నట్టే ఉంది.

“ఇంజెక్షన్ ఇచ్చావా అమ్మా?”

“డ్యూటీ ఎక్కగానే సెలైన్లో కలిపేశానక్కా. ఆయన పొట్టన పెట్టుకున్నవాళ్ళలో మా చెల్లెలు కూడా ఉంది. అలాగని నేను మందు ఆపుతానా? నలుగురిలో నిజం కక్కించాలనుకున్నాను, కక్కించాను. భయపడకండి, రెండు మూడు రోజుల్లో లేచి కూర్చుంటారు.”

“లేచి కూర్చుంటారా?”

ఆ గొంతులో సంతోషం మచ్చుకైనా లేదు. ఆవిడ ఫ్లాస్కు మూత బిగించి, మళ్ళీ బిగించింది.

“ఆయన నీతో అబద్ధం చెప్పలేదమ్మా. కేప్సూల్స్ ఒక్క పూట కూడా మానలేదు.”

నర్సు తెల్లబోయింది. “ఆ సీసా సంగతి మీకు తెలుసా?”

“తెలీకేం? ఒక్కొక్కటీ విప్పి, మందు పారబోసి, మా అమ్మ డబ్బాలో మిగిలిపోయిన పొడి నింపింది నేనేగా!”