బుడగ లేని సీసా

నీళ్లకు వయసేమిటి అని నవ్వకండి, ఉంటుంది. సముద్రపు నీరు చివరిసారి గాలిని తాకి ఎన్నేళ్లయిందో, అదే దాని వయసు. గాలి నుంచి అందులో కలిసిన వాయువులను కొలిచి ఆ లెక్క తేల్చడమే అక్క ఉద్యోగం. సీసాలో ఆవగింజంత బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. అందుకే తలకిందులు చేసి, గోటితో మూడుసార్లు తట్టి చూడాలి. అలా తట్టడం అక్కకు నేర్పింది తమ్ముడే. ఆరేళ్ల క్రితం ఓడ మీంచి పడ్డాడు, దొరకలేదు.

వాడు పడినచోటి అడుగు నీళ్లే ఈ మూడు సీసాలు. రాత్రి అక్క ఒంటరిగా మొదటిది పరీక్షించింది. అంత లోతు నీళ్లకు వందల ఏళ్లు రావాలి. ఆరు వచ్చింది. రెండోది తట్టి చూసింది, బుడగ లేదు. అదీ ఆరే.

ఓడలో వెళ్లి ఆ నీళ్లు పట్టుకొచ్చిన బాబాయికి ఫోన్ చేసింది.

"పైనీళ్లు పట్టావా బాబాయ్?"

"నెత్తి నెరిసింది గానీ మతి పోలేదే తల్లీ! అడుగు తగిలాకే మూత వేశాం. కాకపోతే..." ఆయన గొంతు తగ్గింది. "పైకి లాగేటప్పుడు తాడు బరువెక్కింది. మనిషంత బరువు. తీరా చూస్తే సీసాలే."

ఫోన్ పెట్టేసింది. వాడే అయితే బాగుండుననుకుంది. మరుక్షణమే, వాడు కాకూడదని దేవుడికి మొక్కుకుంది.

మూడో సీసా బల్లమీద ఉంది. అక్క చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

టక్. టక్. టక్.

లోపలి నుంచి ఎవరో, బుడగ కోసం వెతుకుతున్నట్టు.