డబల్ ఎమ్మెస్సీ

“ఫిజిక్సు ఫారం నింపినవా?” నోట్‌బుక్కులోంచి తలెత్తకుండానే అడిగాడు కరుణాకర్‌రావు సార్.

“ఇంకా లేదు సార్,” అన్నాడు హనుమంతు.

“ఎల్లుండితోని ఆఖరు.”

ఆదివారం పొద్దున. కరీంనగర్‌లో సార్ అద్దెకున్న ఇంటి వరండా. లుంగీ కట్టుకుని పడక్కుర్చీలో కూర్చున్న సార్ ఒళ్లో ఒక లెక్క సగంలో ఆగి ఉంది. తీరిక దొరికితే ఆయనకు అదే కాలక్షేపం. సార్ ఆ నోట్‌బుక్కును హనుమంతు ముందుకు జరిపాడు.

“ఇది ఏడ ఇరుక్కుందో జర చూడు.”

మూడో వరుసలో మైనస్ గుర్తు తప్పిపోయింది. హనుమంతు దిద్ది ఇచ్చాడు. సార్ ఆ వరుసనే చాలాసేపు చూసి, సంతోషంగా తల ఊపాడు.

“గిసొంటి తెలివి వెట్టుకొని ఒక్క ఎమ్మెస్సీతోని ఆగుతవా? లెక్కలైనయ్. ఇప్పుడు ఫిజిక్సు చెయ్యి. రెండు ఎమ్మెస్సీలున్నోళ్ళు గీ జిల్లాల ఎంతమందున్నరు? నాకు గా రోజుల్ల మస్తు ఆశ ఉండె. మా బాపు వద్దన్నడు, నౌకరిల చేరుమన్నడు. నిన్ను ఆపెటోళ్ళు లేరు గద.”

“ఇంకో రెండేండ్లు హాస్టల్లనే ఉండాలె సార్.”

“ఉండు. ఏమైతది? హాస్టల్ల నీ దోస్తు మొగిలిది గూడ ఫిజిక్సే గద. ఇద్దరు కలిసి చదువుకోండ్రి. ఎట్లున్నడు మొగిలి? గదికి దోస్తులు వస్తుండ్రా?”

“అందరు చదువుకునేటోళ్ళే సార్.”

“మంచిది. సావాసం మంచిగుండాలె.”

సార్ భార్య నిర్మలాదేవి చాయ్ తెచ్చింది. “తాగు బిడ్డా, సల్లారిపోతది,” అంది. హనుమంతు రెండు గుక్కల్లో తాగి లేచాడు.

అతని జేబులో ఇచ్చోడ నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. అక్కడ కొత్తగా పెట్టిన కాలేజీలో లెక్కలు చెప్పడానికి రమ్మని రాశారు. మూడు రోజులుగా దాన్ని జేబులోనే తిప్పుతున్నాడు, సార్‌కు చూపించే ధైర్యం చాలక. ఇచ్చోడ ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఇక్కడికి దూరమని తెలుసు. అది చాలు.

మధ్యాహ్నం హుస్నాబాద్ బస్సెక్కి ఊరికి పోయాడు. ఉత్తరం సంగతి విని తల్లి లింగవ్వ భయపడింది.

“సారు చెప్పినట్టు ఇను కొడుకా. ఆయన లేకుంటే నీ అన్న మనకు దక్కకపోవు. అడవి వట్టి తొవ్వ తప్పినోన్ని ఇంటికి తెచ్చిండు.”

అన్న భూమన్న ఎడమకాలు ఈడ్చుకుంటూ బస్సు దాకా వచ్చాడు. రెండేళ్ళ కింద ఇంటికి తిరిగొచ్చినప్పటి నుంచి అతను ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. బస్సు కదిలేముందు మాత్రం కిటికీ దగ్గరికి వచ్చాడు.

“నువ్వు ఇచ్చోడ పో తమ్మీ. నా ఫికర్ వెట్టుకోకు. నా కోసమని గా హాస్టల్ల పడి కరాబ్ కాకు.”

సాయంత్రం హాస్టల్‌కు చేరేసరికి మొగిలి అన్నం పళ్ళెం మీద మూతపెట్టి ఉంచాడు.

“ఏడికి వోయినవ్ రా? పప్పు అయిపోతదని నీ వంతు తీసి వెట్టిన.”

“ఊరికి,” అన్నాడు హనుమంతు. పొద్దున సార్ ఇంటికి వెళ్ళిన సంగతి చెప్పలేదు. సార్ పేరు హాస్టల్లో ఎవరి దగ్గరా అతను ఎత్తలేదు.

“ఫిజిక్సుల చేరు రా. ఇద్దరం ఒక్క గదిల ఉందాం. నీ అసొంటోడు పక్కనుంటే నాకు ధైర్యం.” మొగిలి ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించాడు. “ఇయ్యాల సమ్మయ్య వాళ్ళవ్వ వచ్చింది. నెలాయె, వాడు పరీక్షకు రాలే, ఊర్ల గూడ లేడట. గదిగదికి తిరిగి ‘నా కొడుకును చూసిండ్రా’ అని అడిగింది. ఆఖరికి వాని ట్రంకుపెట్టె నెత్తిన వెట్టుకొని పోయింది.”

నెల కింద ఒక ఆదివారం సార్ అడిగితే సమ్మయ్య పేరు చెప్పింది హనుమంతే. అతను పళ్ళెం పక్కకు జరిపాడు.

“ఏమైంది రా?”

“ఏం లే. నేను ఇచ్చోడ పోత మొగిలీ. ఆడ కొలువు వచ్చింది.”

మొగిలి ముఖం చిన్నబోయింది. “పో. మంచి కొలువు. బస్సెక్కిచ్చెతందుకు నేను వస్త,” అని చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు అందించాడు.

మరునాడు పొద్దున్నే హనుమంతు సార్ ముందు నిలబడ్డాడు. దారిపొడవునా వల్లించుకున్న మాటలు రెండు ముక్కల్లో అయిపోయాయి.

“ఇచ్చోడ పోత సార్. నాతోని ఇగ కాదు.”

సార్ కోపం చేసుకోలేదు. ఉత్తరం అందుకుని రెండుసార్లు చదివాడు. “మంచి కొలువే,” అన్నాడు. దాన్ని మడిచి తన నోట్‌బుక్కులో పెట్టుకున్నాడు.

“భూమన్న కాలు నయమైందా?”

“కొంచెం సార్.”

“మంచోడు. వారం వారం తప్పకుండ వచ్చి కనబడిపోతుండు. గట్లనే బతకాలె. మళ్ళ పరేషాన్‌ల పడితే నేను గూడ ఏం చెయ్యలేను.”

నోట్‌బుక్కు అంచులోంచి ఉత్తరం కొస కనిపిస్తోంది. చెయ్యి చాపితే అందేంత దూరం. హనుమంతు చెయ్యి లేవలేదు. సార్ బల్లమీద నుంచి ఇంకో ఫారం తీసి, పెన్ను మూత విప్పి ఇచ్చాడు.

హనుమంతు తన పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. కోర్సు అన్నచోట ఎమ్మెస్సీ ఫిజిక్సు అని రాశాడు.

“గది మొగిలితోనే అడుగు,” అన్నాడు సార్. “ఎప్పటిలెక్కనే ఆదివారం వచ్చి ముచ్చట చెప్పు.”

“సరే సార్.”

గేటు ముందు జీపు వచ్చి ఆగింది.

అందులోంచి దిగిన కానిస్టేబుల్ వరండాలోకి వచ్చి సార్‌కు సెల్యూట్ కొట్టాడు.