ఆరువందల పన్నెండు

“ఆ ఆరువందల పన్నెండుని తీసెయ్యమ్మా, గొడవ వదిలిపోతుంది” అన్నాడు డైరెక్టరు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

“తీయను సార్” అంది లెక్కలావిడ.

ఆ మందుల కంపెనీలో ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. మందు మనిషి ఒంట్లోకి వెళ్లాక ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఎప్పటికి బయటికి పోతుందో కంప్యూటర్లో లెక్కకట్టడం ఆమె పని. అందుకోసం వెయ్యిమంది మనుషుల్ని కంప్యూటర్లోనే తయారుచేసి పెట్టుకుంది. లావుపాటివాళ్లు, బక్కపలచనివాళ్లు, తాగి తాగి కాలేయం చెడినవాళ్లు, అన్ని రకాలూ ఉన్నారు. ఎవరికీ పేర్లు లేవు. నంబర్లే.

కొత్త కీళ్లనొప్పుల మాత్రని ఆ వెయ్యిమందికీ పూటకొకటి చొప్పున వేసి చూసింది. తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది ఒంట్లోంచి మందు బుద్ధిగా బయటికి పోయింది. ఆరువందల పన్నెండు దగ్గర మాత్రం తిష్ఠ వేసింది. యాభైఎనిమిదేళ్ల ఆడమనిషి. ముప్ఫైఎనిమిది కిలోలు. ఒక్కటే కిడ్నీ, దానికీ ఓపిక తగ్గింది. పొద్దుటి మందు పోకముందే సాయంత్రం మందు వచ్చి కూర్చుంటోంది. ఐదోరోజుకల్లా తెరమీద గీత ప్రమాదరేఖ దాటేసింది.

“అంత బక్కప్రాణం, పైగా ఒక్క కిడ్నీ! ఇలాంటి మనిషి ఎక్కడుంటుందమ్మా? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు!”

“కుందేలుకి నాలుగు కాళ్లే సార్. ఈ మనిషికి కిడ్నీయే ఒకటి. పుట్టుకతోనే ఒకటి ఉన్నవాళ్లుంటారు. జబ్బుచేసి తీయించుకున్నవాళ్లుంటారు.”

“లేని మనిషి కోసం ఉన్న మందు ఆపుతావా? ఎల్లుండే మందుకి అనుమతిచ్చే కమిటీ. వాళ్లు ఒప్పుకోకపోతే ఆర్నెల్లు వెనక్కి పోతాం. నొప్పులతో మంచానపడ్డవాళ్ల ఉసురు నీకే తగులుతుంది.”

“ఆపమనలేదు సార్. ఒంటి కిడ్నీవాళ్లకి సగం మాత్రే చాలని డబ్బామీద రాయమంటున్నాను.”

“అది చదివితే డాక్టర్లు భయపడి ఎవరికీ రాయరు.” ఆయన గొంతు తగ్గించాడు. “చూడమ్మా, మూడు నెలలకోసారి సొంత పనంటూ సెలవు పెడతావు. ఏం పనని ఏనాడైనా అడిగానా? నా మాట ఈ ఒక్కసారికి విను.”

“అడగనందుకు థాంక్స్ సార్. ఇది మాత్రం వినను.”

మర్నాడు ఆమె బల్లమీద డైరెక్టరు రాయించిన రిపోర్టు సిద్ధంగా ఉంది. ‘పరీక్షించిన తొమ్మిదివందల తొంభైతొమ్మిది మందిలో ఎవరికీ ప్రమాదం లేదు’ అని రాసి ఉంది. కింద ఆమె పేరు, సంతకానికి ఖాళీ జాగా. ఆమె సంతకం పెట్టలేదు. ఎర్రసిరాతో ఆ అంకె కొట్టేసి ‘వెయ్యి’ అని రాసింది. ‘ఎవరికీ ప్రమాదం లేదు’ అన్నదీ కొట్టేసి, ‘ఒకరికి ప్రమాదం ఉంది’ అని పక్కన చేర్చి, తీసుకెళ్లి డైరెక్టరు ముందే పెట్టింది.

“ఉద్యోగం కావాలా, ఆరువందల పన్నెండు కావాలా?” అన్నాడాయన.

“ఆరువందల పన్నెండే కావాలి సార్.”

కమిటీ రోజు డైరెక్టరు అరగంట మాట్లాడాడు. తెరమీద అన్నీ చక్కటి గీతలే. ఆమెని ఎవరూ పిలవలేదు. అయినా లేచింది. తిన్నగా ముందుకి వెళ్లి, ఆయన దాచిన గీతని తెరమీద పెట్టింది.

కమిటీ పెద్ద, తల నెరిసిన డాక్టరమ్మ, కళ్లజోడు సర్దుకుంది. “వెయ్యిలో ఒకరు. ఈవిడ కోసం ఇంత పట్టుదల ఎందుకు?”

“మాత్రకి కనపడేది నోరొక్కటే డాక్టరుగారూ. లోపల ఎన్ని కిడ్నీలున్నాయో దానికి తెలీదు. రాసేవాళ్లకైనా తెలియాలి కదా.”

డాక్టరమ్మ ఆ గీతని చాలాసేపు చూసింది. పక్కవాళ్లతో ఏదో మాట్లాడింది. తర్వాత డైరెక్టరు వైపు తిరిగింది.

“డబ్బామీద రాయండి. ఒంటి కిడ్నీవాళ్లకి సగం మాత్ర, అదీ రోజుకి ఒక్కసారే. అలా రాశాకే మందు బయటికి రావాలి.”

బయట వరండాలో డైరెక్టరు ఆమెని అందుకున్నాడు. ఆముదం తాగినట్టుంది మొహం.

“నీ పంతం నెగ్గించుకున్నావు. ఇప్పుడైనా నిజం చెప్పు. ఆ మనిషి అసలు ఉందా?”

“ఉంది సార్.”

“ఉంటే ఆ మహాతల్లి తన రెండో కిడ్నీ ఎక్కడ పారేసుకుంది?”

లిఫ్టు వచ్చింది. ఆమె లోపలికి అడుగుపెట్టి, వెనక్కి తిరిగి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

“మా అక్క పారేసుకోలేదు సార్, అది పదకొండేళ్లుగా నాతోపాటు రోజూ మీ ఆఫీసుకే వస్తోంది.”