ఏడో పేపర్

"ఈ ఏడోది తీసేయండి మేడమ్. మీ మంచికే చెబుతున్నా," అన్నాడు లెక్కలాయన.

ఆయన అసలు పేరు ఆ పరిశోధన సంస్థలో ఎవరూ వాడరు. ఎవరి పేపర్‌ని ఎంతమంది తమ పేపర్లలో ఉదహరించారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు గనుక లెక్కలాయన అయ్యాడు. ఆవిడకీ ఒక పేరు పెట్టారు, సున్నా మేడమ్ అని. ఆ పేరు తెచ్చిపెట్టింది ఈ ఏడో పేపరే. అచ్చయి తొమ్మిదేళ్లయింది. దాన్ని ఉదహరించిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

"తీయను," అంది ఆవిడ.

"ప్రమోషన్‌కి ఇచ్చే పేపర్ల జాబితాలో పదే చోట్లు. దాని బదులు మీ సమీక్షా వ్యాసం పెడితే మూడొందల ఉదహరింపులు కలిసొస్తాయి. సగటు ఎక్కడికో వెళ్తుంది. చేజేతులా ఎందుకు పాడుచేసుకుంటారు?"

"ఆ మూడొందల మందిలో మొదటి పేజీ దాటినవాళ్లు పదిమంది ఉండరు. ఆ సంగతి మీకూ తెలుసు."

బల్లకి అటువైపు, లెక్కలాయన పక్కన మధ్య కుర్చీలో ఉన్న కమిటీ ఛైర్మన్ నవ్వలేదు. ఈ ఒక్క పూటకని వేరే ఊరినుంచి వచ్చిన పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త. చివరి మాట ఆయనదే. ఆవిడ ఆయన్ని చూడటం ఇదే మొదటిసారి. చూసినప్పటినుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. లోపలికొస్తూ నమస్కారం పెడితే తల మాత్రం ఊపాడు. ఫైలు ఎడమచేత్తో ఇచ్చాడు, ముష్టి వేసినట్టు. ఆవిడ చెప్పేదాంట్లో ఒక్క ముక్క కూడా తను రాసుకోడు, పక్కనున్న గుమాస్తాకి "రాయండి" అని పురమాయిస్తాడు.

ప్రమోషన్ కోసం ఇక్కడ కూర్చోవడం ఇది మూడోసారి. ఈసారీ రాకపోతే ఆవిడ ల్యాబ్‌ని వచ్చే నెల ఇంకొకరికి ఇచ్చేస్తారు. పద్నాలుగేళ్లు సొంత ఇంటికంటే ఎక్కువగా సర్దుకున్న గది. పోతే పోనీ అనుకునేంత గుండె ఆవిడకి లేదు. ఉన్నట్టు కనబడటం మాత్రం వచ్చు.

"ఆ పేపర్లో ఏముందో చెప్పండి," అన్నాడు ఛైర్మన్.

"మీ ముందే ఉంది కదండీ."

"మీ నోటితో చెప్పండి. రికార్డులోకి ఎక్కాలి."

తప్పులు పట్టడానికే అనుకుంది ఆవిడ. అయినా చెప్పింది. "ప్రతి ల్యాబ్‌లోనూ ఉండే ఒక ద్రావకం, ప్రతి అల్మారాలోనూ ఉండే ఒక తెల్లపొడి. కలిపి వేడిచేస్తే నలభై నిమిషాలు బుద్ధిమంతుల్లా ఉంటాయి. ఆ తర్వాత ఫ్లాస్క్ పేలుతుంది. కలపొద్దని రాశాను. అంతే."

"మీకెలా తెలిసింది?"

"నా ల్యాబ్‌లోనే పేలింది గనక. వచ్చేటప్పుడు పాలు తెమ్మని మా అత్తగారు ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే, నేను అంతవరకూ నిలబడ్డ చోటికి వెనకున్న గోడ నిండా గాజు ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి. ఆ రోజునుంచి మా అత్తగారిని పల్లెత్తు మాట అనలేదు."

గుమాస్తా కిసుక్కున నవ్వి తల దించుకున్నాడు.

"అదీ రాయండి," అన్నాడు ఛైర్మన్.

"అంతా బాగానే ఉంది మేడమ్," అన్నాడు లెక్కలాయన. "కానీ ప్రభావం సున్నాయే కదా?"

"చదివినవాడు ఆ పని చేయడు. చేయని పని మీద పేపర్ ఎవరు రాస్తారండీ? పేలని ఫ్లాస్కులు మీ పట్టికలోకి ఎక్కవు. పదకొండు వేల డౌన్‌లోడ్లు ఉన్నాయి దానికి. వాళ్ల కళ్లూ చేతులూ లెక్కపెట్టుకోండి. అదీ నా సగటు."

"మీరు తప్ప ఇంకెవరైనా అన్నారా, ఇది పనికొచ్చే పేపర్ అని?" అడిగాడు ఛైర్మన్.

ఆవిడ సంచిలోంచి మడత నలిగిన కాగితం తీసింది. "అచ్చుకి ముందు దీన్ని పరిశీలించినాయన పత్రికకి రాసిన ఉత్తరం ఇది. ఆయనెవరో రచయితలకి చెప్పరు."

"గట్టిగా చదవండి. గుమాస్తాకి వినబడాలి."

ఆవిడ చదివింది. "'ఇదే పని ఇరవై ఏళ్ల కిందట నేనూ చేశాను. రెండు వేళ్లు పోయాయి. సిగ్గుపడి, కారు తలుపులో నలిగాయని అందరికీ చెప్పుకున్నాను. ఈ పేపర్‌ని వెంటనే అచ్చువేయండి.'"

"పిరికివాడు," అన్నాడు ఛైర్మన్. "ఆ నిజమేదో అప్పుడే చెప్పి ఉంటే మీ ఫ్లాస్క్ పేలేదే కాదు."

ఆవిడకి కోపం నషాళానికంటింది. "ఆయన్ని ఒక్క మాట అనొద్దు. నన్నంటే పడతాను. ఆలస్యమైతేనేం, చెప్పాడు. చేసిన తప్పు తన చేత్తో రాసి ఇచ్చే ధైర్యం ఈ గదిలో ఎంతమందికి ఉంది?"

ఛైర్మన్ గుమాస్తా వైపు తిరిగాడు. "రాశారా?" అని అడిగాడు మెల్లగా.

"రాశానండి."

"ఆఖరుసారి అడుగుతున్నాను. ఆ పేపర్ తీసేస్తారా?"

"మీ ప్రమోషన్ మీరే ఉంచుకోండి. ల్యాబ్ తాళాలు కూడా ఇచ్చేస్తాను. అది మాత్రం జాబితాలోంచి కదలదు." లేని గుండె సంగతి వాళ్లకి తెలియకూడదని ఆవిడ గబుక్కున సంచి భుజాన వేసుకుని లేచింది.

"కూర్చోమ్మా," అన్నాడు ఛైర్మన్.

గుమాస్తా రాసిన కాగితాలు బల్లమీద పెట్టాడు. అడుగున లెక్కలాయన ముందే రాయించిన వాక్యం ఉంది: 'ఏడో పేపర్ ప్రభావం శూన్యం. ప్రమోషన్‌కి సిఫారసు చేయడం లేదు.' ఛైర్మన్ పెన్ను అడిగి తీసుకున్నాడు. ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాడు. కింద తనే రాశాడు: 'ఈ ఒక్క పేపర్ చాలు. ప్రమోషన్ ఇవ్వాలి.'

ఒకటో తరగతి పిల్లల రాతలా అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఇంత చదువుకున్న మనిషికి ఇదేం రాత అని ఆవిడ తలెత్తి చూసింది.

పెన్ను పట్టుకున్న చేతికి మూడే వేళ్లున్నాయి.